చిత్ర రచయితగా, నిర్మాతగా ఎన్.టి.రామారావు

నందమూరి తారక రామారావు (1923 మే 28 - 1996 జనవరి 18) తెలుగు సినిమా నటుడు, చిత్ర రచయిత, దర్శకుడు, నిర్మాత, ఆంధ్ర ప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి. ఎన్.టి.ఆర్. అన్న మూడక్షరాలతో ప్రసిద్ధుడు. నటుడిగా, రాజకీయ నాయకుడిగా ఆయన జీవితం అందరికీ తెలిసినదే. కథను ఎన్నుకొని, చిత్రానువాదం సిద్ధం చేసుకొని, సొంత సొమ్ము పెట్టి చిత్రాలు నిర్మించిన వ్యక్తిగా ఆయన చేసిన పని అంతగా చర్చకు రాలేదు. నేషనల్ ఆర్ట్ థియేటర్ (ఎన్.ఏ.టి.), రామకృష్ణా సినీ స్టూడియోస్ సంస్థల ద్వారా 1953 నుండి 1992 వరకు సాగిన ఆ కృషిని ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదు తూర్పు భాగాన, ఉప్పల్ ప్రాంతంలోని నాచారంలో ఉన్న రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియోస్ ఆ కృషికి గుర్తుగా మిగిలిన స్థలాలలో ఒకటి.

ఇతర సంస్థల చిత్రాలలో రాముడిగా, కృష్ణుడిగా పేరు తెచ్చుకున్న రామారావు, తన సొంత చిత్రాలలో మాత్రం రావణుడు, దుర్యోధనుడు, కర్ణుడు వంటి పాత్రలను కథకు కేంద్రంగా నిలిపాడు. పురాణంలో ఓడిపోయిన వారి పక్షం కూడా ప్రేక్షకుడు వినాలన్న ఆలోచన ఆయన రాసుకున్న చిత్రానువాదాలలో పదే పదే కనిపిస్తుంది.

నేపథ్యం

రామారావు కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో జన్మించాడు. విజయవాడ కళాశాలలో చదువుతున్నప్పుడు తెలుగు శాఖాధిపతి విశ్వనాథ సత్యనారాయణ ఆయన చేత రాచమల్లుని దౌత్యం నాటకంలో నాగమ్మ పాత్ర వేయించాడు. మీసం తీయడానికి రామారావు ఒప్పుకోకపోవడంతో "మీసాల నాగమ్మ" అన్న పేరు వచ్చింది. తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. గుంటూరులో ఉన్న కాలంలోనే మిత్రులతో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ అనే నాటక సమాజాన్ని నడిపాడు. ఇదే పేరు తరువాత ఆయన చిత్ర నిర్మాణ సంస్థకు వచ్చింది.

1947లో సబ్-రిజిస్ట్రారు ఉద్యోగం లభించినా, మూడు వారాలకే దానిని వదిలి మద్రాసు చేరాడు. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం వహించిన మనదేశం (1949) ఆయన తొలి చిత్రం. పాతాళ భైరవి (1951) విజయంతో అగ్రనటుల వరుసలో చేరాడు. ఆ విజయం తరువాత రెండేళ్ళకే సొంత నిర్మాణానికి పూనుకున్నాడు.

నేషనల్ ఆర్ట్ థియేటర్

రామారావు తన తమ్ముడు నందమూరి త్రివిక్రమరావుతో కలిసి ఎన్.ఏ.టి. సంస్థను స్థాపించాడు. నిర్మాణ బాధ్యతలను త్రివిక్రమరావు చూసేవాడు. సంస్థ తొలి చిత్రం పిచ్చి పుల్లయ్య (1953). తాతినేని ప్రకాశరావు దర్శకుడు, అనిసెట్టి సుబ్బారావు మాటల రచయిత. కత్తి యుద్ధాల కథానాయకుడిగా పేరు వచ్చిన నటుడు, సొంత చిత్రంలో అమాయకుడైన పల్లెటూరి మనిషిగా కనిపించడం అప్పట్లో సాహసమే. రెండవ చిత్రం తోడు దొంగలు (1954). డి.యోగానంద్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి జాతీయ చలనచిత్ర పురస్కారాలలో యోగ్యతా పత్రం లభించింది. ఈ రెండు చిత్రాలలోనూ గుమ్మడి వెంకటేశ్వరరావుకు ముఖ్యమైన పాత్రలు ఇచ్చారు. అప్పటికి చిన్న వేషాలకే పరిమితమైన గుమ్మడికి ఇవి నిలదొక్కుకొనే అవకాశం కల్పించాయి.

ఈ రెండు సాంఘిక చిత్రాలకూ ప్రశంసలు వచ్చినంతగా డబ్బు రాలేదు. దానితో సంస్థ జానపదం వైపు మళ్ళింది. జయసింహ (1955) ఘన విజయం సాధించి సంస్థను నిలబెట్టింది. వహీదా రెహమాన్ నటించిన తొలి చిత్రాలలో ఇది ఒకటి. తరువాత వచ్చిన పాండురంగ మహత్యం (1957) చిత్రానికి కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. బి.సరోజాదేవికి తెలుగులో ఇది తొలి చిత్రం. తల్లిదండ్రులను నిరాదరించి, చివరకు వారి సేవలోనే దైవాన్ని చూసిన పుండరీకుని కథ ఇది.

ఆదాయం తెచ్చే జానపదం ఒకటి, మనసుకు నచ్చిన ప్రయోగం ఒకటి అన్న రీతి ఈ దశలోనే ఏర్పడింది. తారగా ఇతర సంస్థల నుండి వచ్చిన పారితోషికం సొంత సంస్థకు ఆధారమైంది. ఒక చిత్రం నష్టపోయినా తరువాతి చిత్రం తీయగల శక్తి ఆయనకు అలా లభించింది.

సీతారామ కల్యాణం: దర్శకుని పేరు లేని చిత్రం

రామారావు తొలిసారి దర్శకత్వం వహించిన చిత్రం సీతారామ కల్యాణం (1961). టైటిళ్ళలో దర్శకుని పేరు వేయలేదు. సముద్రాల రాఘవాచార్య (సముద్రాల సీనియర్) రచన, గాలి పెంచల నరసింహారావు సంగీతం, రవికాంత్ నగాయిచ్ ఛాయాగ్రహణం సమకూర్చారు. రాముడిగా హరనాథ్, సీతగా గీతాంజలి నటించగా, రామారావు రావణ పాత్రను తీసుకున్నాడు.

పేరులో సీతారాములు ఉన్నా, చిత్రంలో ఎక్కువ భాగం రావణునిదే. కైలాసాన్ని ఎత్తబోయిన శివభక్తుడిగా, తన ప్రేగులనే తంత్రులుగా చేసి వీణ వాయించిన విద్వాంసుడిగా, స్వాభిమానం గల రాజుగా రావణుడు కనిపిస్తాడు. రావణుని గొప్పతనాన్ని ముందు చూపి, దానిని మింగేసిన అహంకారాన్ని తరువాత చూపడం ఈ చిత్ర కథాసంవిధానంలోని ముఖ్యాంశం. ఈ చిత్రానికి కూడా జాతీయ స్థాయిలో యోగ్యతా పత్రం లభించింది.

రామారావు దర్శకత్వంలో మరుసటి సంవత్సరం వచ్చిన గులేబకావళి కథ (1962) జానపద చిత్రం. ఈ చిత్రంతో సి.నారాయణరెడ్డి సినీ గేయ రచయితగా పరిచయమయ్యాడు. అన్ని పాటలనూ ఆయన చేతనే రాయించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు అధ్యాపకుడైన నారాయణరెడ్డికీ ఎన్.ఏ.టి. సంస్థకూ ఇలా మొదలైన అనుబంధం రెండు దశాబ్దాలకు పైగా కొనసాగింది.

శ్రీకృష్ణ పాండవీయం

శ్రీకృష్ణ పాండవీయం (1966) దర్శకునిగా రామారావు పేరు తెరమీద కనిపించిన తొలి చిత్రం. చిత్రానువాదం కూడా ఆయనదే. కథ, మాటలు సముద్రాల సీనియర్ రాశాడు. టి.వి.రాజు సంగీత దర్శకుడు. ఇందులో రామారావు కృష్ణుడు, దుర్యోధనుడు పాత్రలను రెండింటినీ పోషించాడు. కౌరవ పాండవ కథలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరినీ ఒకే నటుడు పోషించడం ప్రేక్షకులకు కొత్త అనుభవం.

శకుని పాత్రను తీర్చిన తీరు ఈ చిత్రానువాదంలో గమనించదగినది. శకుని తండ్రినీ సోదరులనూ దుర్యోధనుడు చెరసాలలో పెట్టి ఆకలితో చంపాడనీ, వారి ఎముకలతో చేసిన పాచికలతో శకుని కౌరవ వంశ నాశనానికి పూనుకున్నాడనీ ప్రచారంలో ఉన్న కథను చిత్రంలో చేర్చారు. వ్యాస భారతంలో ఈ కథ లేదు. జనశ్రుతిలో ఉన్న ఈ కథ వలన శకునికి ఒక కారణం ఏర్పడింది. ధూళిపాళ సీతారామశాస్త్రి ఈ పాత్రతో ఎంతగా పేరు పొందాడంటే, తరువాతి కాలంలో శకుని అనగానే తెలుగువారికి ఆయన రూపమే గుర్తుకు వచ్చేది. మయసభలో దుర్యోధనుడు పొందిన పరాభవ ఘట్టం కూడా ప్రసిద్ధి పొందింది.

సాంఘిక చిత్రాలు

పౌరాణికాలతో పాటు కుటుంబ సమస్యలను తీసుకొని కూడా ఎన్.ఏ.టి. సంస్థ వరుసగా చిత్రాలు నిర్మించింది. ఉమ్మడి కుటుంబం (1967) చిత్రానికి డి.యోగానంద్ దర్శకుడు. కలిసి ఉండే కుటుంబ వ్యవస్థ ఎదుర్కొంటున్న ఒత్తిళ్ళు దీని ఇతివృత్తం. వరకట్నం (1969) చిత్రానికి రామారావు దర్శకత్వం వహించాడు. 1968 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా ఇది జాతీయ పురస్కారం పొందింది. కోడలు దిద్దిన కాపురం (1970) కూడా ఈ వరుసలోనిదే.

తల్లా పెళ్ళామా (1970) చిత్రాన్ని 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది. కుటుంబ కథగా నడిచే ఈ చిత్రంలో తెలుగువారి సమైక్యతను గురించి సి.నారాయణరెడ్డి రాసిన గీతం ఉంది. సినిమా ద్వారా రాజకీయ విషయం మీద అభిప్రాయం చెప్పడం రామారావు సొంత చిత్రాలలో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ అభిప్రాయంతో ఏకీభవించనివారు ఆనాడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు.

తాతమ్మ కల (1974) రచయితగా రామారావుకు గుర్తింపు తెచ్చిన చిత్రం. కథ, దర్శకత్వం ఆయనవే. పి.భానుమతి తాతమ్మ పాత్రను పోషించింది. నందమూరి బాలకృష్ణ ఈ చిత్రంతోనే బాల నటుడిగా తెరకు పరిచయమయ్యాడు. కుటుంబ నియంత్రణ ప్రచారం ముమ్మరంగా సాగుతున్న కాలంలో, దానికి భిన్నమైన వాదనను ఒక వృద్ధురాలి మాటల్లో వినిపించడం వలన ఈ చిత్రం వివాదాస్పదమైంది. అయినప్పటికీ ఉత్తమ కథా రచయితగా రామారావుకు నంది పురస్కారం లభించింది. అధికారంలో ఉన్నవారి విధానాన్ని ప్రశ్నించిన కథకు ప్రభుత్వ పురస్కారమే రావడం విశేషం.

మద్రాసు నుండి హైదరాబాదుకు

1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా చాలా కాలం తెలుగు చిత్రాల నిర్మాణం మద్రాసులోనే సాగింది. స్టూడియోలు, ప్రయోగశాలలు, రికార్డింగ్ థియేటర్లు, సాంకేతిక నిపుణులు అక్కడే ఉండడం దీనికి కారణం. హైదరాబాదులో అమీర్‌పేట వద్ద సారథీ స్టూడియోస్ 1950లలోనే వెలసినా, నటీనటులు మద్రాసులో నివసిస్తున్నందువలన నిర్మాతలు ఇటు రావడం తక్కువగా ఉండేది. రాష్ట్రంలో నిర్మించిన చిత్రాలకు ప్రభుత్వం ప్రోత్సాహకాలు ప్రకటించడంతో పరిస్థితి నెమ్మదిగా మారింది.

1970ల మధ్యకాలంలో అగ్రనటులే ఈ మార్పుకు పూనుకున్నారు. అక్కినేని నాగేశ్వరరావు బంజారా హిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ నిర్మించాడు. రామారావు 1976లో రామకృష్ణా సినీ స్టూడియోస్ నెలకొల్పాడు. 1962లో బాల్యంలోనే మరణించిన పెద్ద కుమారుడు రామకృష్ణ పేరును ఆయన ఈ సంస్థకు పెట్టాడు. అబిడ్స్‌లోని రామకృష్ణ థియేటరుకూ అదే పేరు. కాచిగూడలో తారకరామ థియేటరు ఉంది. కథ రాయడం, చిత్రం తీయడం, దానిని ప్రదర్శించడం అనే మూడు దశలకూ కావలసిన వసతులు ఈ విధంగా ఒకే కుటుంబం చేతిలోకి వచ్చాయి.

నాచారం స్టూడియో

నాచారంలోని రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియోస్ కూడా ఆ కుమారుని పేరు మీద ఏర్పడినదే. నాచారం సికింద్రాబాదుకు తూర్పున, ఉప్పల్, హబ్సిగూడ, మల్లాపూర్‌ల నడుమ ఉంది. మొదట రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 పునర్వ్యవస్థీకరణతో మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోకి వచ్చింది. పారిశ్రామిక వాడగా పేరుపొందిన నాచారానికి చేరువలో, ఉప్పల్ రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) ఉన్నాయి. కర్మాగారాలు, పరిశోధనాలయాల నడుమ, పేరులోనే ఉద్యానం ఉన్న సినిమా స్టూడియో ఇది.

పౌరాణిక చిత్రాలకు ఇటువంటి ఆవరణ చాలా అవసరం. రాజసభలు మూసిన అంతస్తులో వేయవచ్చును గాని, ఆశ్రమాలు, ఉద్యానవనాలు, రథాలు తిరిగే మైదానాలు వంటివాటికి బయటి స్థలం కావాలి. అద్దె స్టూడియోలో వేసిన సెట్టును గడువు తీరగానే తొలగించాలి. సొంత ఆవరణలో దానిని నిలిపి ఉంచుకోవచ్చు, చిత్రీకరణ వేళలను నిర్మాతే నిర్ణయించుకోవచ్చు.

దానవీరశూర కర్ణ

రామకృష్ణా సినీ స్టూడియోస్ పతాకంపై వచ్చిన దానవీరశూర కర్ణ (1977 జనవరి 14) రామారావు రచనా, నిర్మాణ జీవితంలో శిఖరంగా పరిగణించబడుతుంది. చిత్రానువాదం, దర్శకత్వం, నిర్మాణం ఆయనవే. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు అనే మూడు పాత్రలనూ ఆయనే ధరించాడు. హరికృష్ణ అర్జునుడిగా, బాలకృష్ణ అభిమన్యుడిగా నటించారు. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం సమకూర్చాడు.

ఇదే సమయంలో నటుడు కృష్ణ ప్రధాన పాత్రలో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వాన కురుక్షేత్రం చిత్రం కూడా సిద్ధమవుతూ ఉండేది. రెండూ భారత కథలే, రెండింటికీ సంక్రాంతి విడుదలే లక్ష్యం. ఈ పోటీ వలన దానవీరశూర కర్ణ చిత్రీకరణ 43 రోజుల్లో పూర్తి అయింది. ఒకే వ్యక్తి మూడు వేషాలు వేస్తూ, దర్శకత్వం వహిస్తూ ఇంత వేగంగా తీయగలగడానికి సొంత స్టూడియో, ముందుగానే సిద్ధమైన చిత్రానువాదం తోడ్పడ్డాయి. రెండు చిత్రాలూ ఒకే రోజున విడుదల కాగా, దానవీరశూర కర్ణ ఘన విజయం సాధించింది. 3 గంటల 46 నిమిషాల నిడివితో, తెలుగులో అతి పెద్ద చిత్రాలలో ఒకటిగా ఇది నిలిచింది.

మాటలు రాసినది కొండవీటి వెంకటకవి. పొన్నూరు సంస్కృత కళాశాల ప్రధానాచార్యుడిగా పనిచేసిన ఈ పండితుడు హేతువాద భావాలు గలవాడు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన ఘట్టంలో కర్ణుని కులాన్ని ప్రశ్నించినప్పుడు, దుర్యోధనుడు సభలోని పెద్దల పుట్టుకలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపుతూ, వీరునికి కులంతో పని ఏమిటని నిలదీస్తాడు. సంస్కృత సమాసాలతో నిండిన ఆ దీర్ఘ సంభాషణను చదువు రానివారు కూడా కంఠస్థం చేశారు. గ్రామాలలో ఉత్సవాలకు, పెళ్ళిళ్ళకు మైకుల్లో పాటలతో పాటు ఈ చిత్రం మాటలు కూడా వినిపించేవి.

చిత్రానువాదపరంగా ఈ చిత్రంలో గుర్తించదగిన అంశాలు:

- కథ కర్ణునిదైనా, దుర్యోధనునికి సమాన ప్రాధాన్యం ఉంది. ఆశ్రితుని అవమానాన్ని సహించని స్నేహితుడిగా అతడు కనిపిస్తాడు.
- దుర్యోధనునికి భానుమతితో యుగళగీతం పెట్టారు. పౌరాణికాలలో ప్రతినాయకునికి శృంగార గీతం ఉండడం అరుదు.
- రాయబార ఘట్టంలో తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలను వాడుకున్నారు. పద్య నాటకాలతో పరిచయం ఉన్న గ్రామీణ ప్రేక్షకులకు చిత్రం దీనితో మరింత దగ్గరైంది.

ఈ చిత్రంపై విమర్శలు కూడా ఉన్నాయి. దుర్యోధనుని ఉదాత్తంగా చూపడంలో ద్రౌపదీ పరాభవం వంటి ఘట్టాల తీవ్రత పలచబడిందనీ, నిడివి ఎక్కువైందనీ, దృశ్యం కంటే సంభాషణదే పైచేయి అయిందనీ విమర్శకులు పేర్కొన్నారు. పుట్టుక ఆధారంగా మనిషిని కొలవరాదన్న వాదం ప్రజల వద్దకు ఇంతగా చేరిన తెలుగు పౌరాణిక చిత్రాలు మాత్రం తక్కువే.

తరువాతి చిత్రాలు

1977లోనే వచ్చిన చాణక్య చంద్రగుప్త చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు చాణక్యుడిగా, రామారావు చంద్రగుప్తుడిగా, శివాజీ గణేశన్ అలెగ్జాండరుగా నటించారు. సొంత చిత్రంలో కథను నడిపించే పాత్రను సమకాలిక అగ్రనటునికి ఇవ్వడం ఇక్కడ గమనించదగినది. శ్రీరామ పట్టాభిషేకం (1978) చిత్రంలో రామ, రావణ పాత్రలు రెండింటినీ పోషించాడు. శ్రీమద్విరాట పర్వము (1979) చిత్రంలో కృష్ణుడు, అర్జునుడు, బృహన్నల, దుర్యోధనుడు, కీచకుడు అనే ఐదు వేషాలు ధరించాడు. అదే సంవత్సరం శ్రీ తిరుపతి వేంకటేశ్వర కల్యాణం విడుదలైంది. ఈ నాలుగు చిత్రాలకూ దర్శకుడు ఆయనే.

పౌరాణికాలకు అయ్యే ఖర్చును భరించడానికి సంస్థ వ్యాపార చిత్రాలనూ నిర్మించింది. హరికృష్ణ నిర్మాతగా, కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన డ్రైవర్ రాముడు (1979), తాతినేని రామారావు దర్శకత్వంలో వచ్చిన అనురాగ దేవత (1982) ఇటువంటివి. పరుచూరి వెంకటేశ్వరరావు, గోపాలకృష్ణ సోదరులకు "పరుచూరి బ్రదర్స్" అన్న పేరు పెట్టినది రామారావే.

శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర

కాలజ్ఞాన కర్తగా ప్రసిద్ధుడైన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవితం ఆధారంగా రామారావు నిర్మించి, దర్శకత్వం వహించిన చిత్రమిది. బ్రహ్మంగారి శిష్యుడైన సిద్ధయ్య పాత్రను బాలకృష్ణ ధరించాడు. దూదేకుల కులానికి చెందిన సిద్ధయ్యను, అంటరానివాడిగా చూడబడిన కక్కయ్యను గురువు ఆదరించిన కథ ఇది. కర్ణుని కథలో లేవనెత్తిన కుల ప్రశ్నే ఇక్కడ మరో రూపంలో వస్తుంది. మాటల రచయిత ఇక్కడ కూడా కొండవీటి వెంకటకవే.

1980ల ఆరంభంలోనే తీసిన ఈ చిత్రం సెన్సారు అభ్యంతరాల కారణంగా నిలిచిపోయింది. రామారావు కోర్టులో పోరాడాడు. చివరకు 1984 నవంబరు 29న, ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో విడుదలై విజయం సాధించింది. చిత్రం మొదలైనప్పుడు నటుడిగా ఉన్న వ్యక్తి, విడుదలయ్యేనాటికి రాష్ట్రాధినేత అయ్యాడు.

రాజకీయాలు, స్టూడియో

రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశాడు. 1984 ఆగస్టు 16న గవర్నరు ఆయనను పదవి నుండి తొలగించినప్పుడు, ఆయనకు మద్దతు ఇచ్చిన శాసనసభ్యులు మొదట రామకృష్ణా స్టూడియోలో విడిది చేసి, తరువాత కర్ణాటకకు తరలి వెళ్ళారు. సెప్టెంబరు 16న ఆయన తిరిగి పదవి చేపట్టాడు.

పాలనా బాధ్యతల వలన చిత్ర నిర్మాణం సహజంగానే కుంటుపడింది. రామారావు దర్శకత్వం వహించిన చండశాసనుడు 1983 మే 28న విడుదలైంది. 1989 ఎన్నికలలో ఓటమి తరువాత ఆయన మళ్ళీ నిర్మాణానికి మళ్ళాడు. బ్రహ్మర్షి విశ్వామిత్ర (1991), సామ్రాట్ అశోక (1992) చిత్రాలకు దర్శకత్వం వహించి, ప్రధాన పాత్రలు ధరించాడు. రెండింటికీ రవీంద్ర జైన్ సంగీతం అందించాడు. రాజ్యం వదిలి తపస్సుకు వెళ్ళిన విశ్వామిత్రుడు, గెలిచిన యుద్ధం చూసి విరక్తుడైన అశోకుడు - అధికారం కోల్పోయిన కాలంలో ఆయన ఎన్నుకున్న కథలు ఇవి. అప్పటికి ప్రేక్షకుల అభిరుచి మారింది. పౌరాణిక, చారిత్రక చిత్రాలకు ఆదరణ తగ్గింది. ఈ రెండు చిత్రాలూ ఆశించిన విజయం పొందలేదు. 1994 డిసెంబరులో మళ్ళీ ముఖ్యమంత్రి అయిన రామారావు 1995 సెప్టెంబరులో పదవి కోల్పోయి, 1996 జనవరి 18న హైదరాబాదులో మరణించాడు.

రచనా పద్ధతి

తెలుగు చిత్రాల టైటిళ్ళలో కథ, మాటలు, చిత్రానువాదం వేరువేరుగా వేస్తారు. జరిగినదేమిటో చెప్పేది కథ. పాత్రలు పలికేవి మాటలు. ఏ సన్నివేశం ముందు రావాలి, ఏది విడిచిపెట్టాలి, ఎవరి వైపు నుండి చూపాలి అన్నది నిర్ణయించేది చిత్రానువాదం. పౌరాణికాలలో కథ అందరికీ తెలిసినదే కాబట్టి, కొత్తదనమంతా చిత్రానువాదంలోనే ఉండాలి. రామారావు ప్రధానంగా ఈ పనిని తన చేతిలో ఉంచుకొని, మాటలను పండితులకు అప్పగించాడు. సముద్రాల సీనియర్, సముద్రాల జూనియర్, పింగళి నాగేంద్రరావు, కొండవీటి వెంకటకవి వంటివారు ఆయన సంస్థలకు రచన చేశారు.

ఈ విభజన వలన ఒక మేలు, ఒక లోపం కలిగాయి. భాష విషయంలో రాజీ లేకపోవడం మేలు. ఒకే వ్యక్తి కథకుడు, దర్శకుడు, నిర్మాత, ప్రధాన నటుడు కావడంతో, నిడివి తగ్గించమని గాని, పాత్రలు తగ్గించుకోమని గాని చెప్పే అధికారం మరెవరికీ లేకపోవడం లోపం. దానవీరశూర కర్ణలో బలంగా కనిపించిన లక్షణాలే చివరి చిత్రాలలో భారంగా మారాయి.

ప్రభావం

2018 మార్చి 29న, తెలుగుదేశం పార్టీ ప్రకటన జరిగిన తేదీనాడే, రామారావు జీవితకథ ఆధారంగా బాలకృష్ణ తలపెట్టిన చిత్రం నాచారంలోని రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియోస్‌లో ప్రారంభమైంది. అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు ఆ కార్యక్రమంలో పాల్గొన్నాడు. క్రిష్ దర్శకత్వంలో ఆ చిత్రం 2019లో కథానాయకుడు, మహానాయకుడు అనే రెండు భాగాలుగా విడుదలైంది.

నేడు తెలుగు చిత్ర పరిశ్రమకు కేంద్రం హైదరాబాదు. ఆ మార్పు జరగడానికి మద్రాసులో స్థిరపడిన తారలు తమ సంపాదనను ఇక్కడి భూమి మీద, ఇక్కడి స్టూడియోల మీద పెట్టడం ఒక ముఖ్య కారణం. కథన విషయంలో, ప్రతినాయకుని వైపు నుండి పురాణాన్ని చూడవచ్చునన్న ధైర్యం తరువాతి రచయితలకు ఇచ్చిన తెలుగు చిత్రాలలో సీతారామ కల్యాణం, శ్రీకృష్ణ పాండవీయం, దానవీరశూర కర్ణ ముందు వరుసలో ఉంటాయి.

దర్శకత్వం వహించిన ముఖ్య చిత్రాలు

- సీతారామ కల్యాణం (1961)
- గులేబకావళి కథ (1962)
- శ్రీకృష్ణ పాండవీయం (1966)
- వరకట్నం (1969)
- తల్లా పెళ్ళామా (1970)
- తాతమ్మ కల (1974)
- దానవీరశూర కర్ణ (1977)
- చాణక్య చంద్రగుప్త (1977)
- శ్రీరామ పట్టాభిషేకం (1978)
- శ్రీమద్విరాట పర్వము (1979)
- శ్రీ తిరుపతి వేంకటేశ్వర కల్యాణం (1979)
- చండశాసనుడు (1983)
- శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర (1984)
- బ్రహ్మర్షి విశ్వామిత్ర (1991)
- సామ్రాట్ అశోక (1992)